పీపీఆర్ తర్వాత, ముందు బేరింగు చూడండి: ఇంటి ఆర్కేడ్ పెట్టెకు స్పిన్నర్ ఎంపిక
(హన్మకొండలో అభిరుచిదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాజీపేట, కరీంనగర్, జనగామ దిక్కు నుంచి కూడా వచ్చిండ్రు, సంతోషం. జాయ్‌స్టిక్కులు, బటన్ల ముచ్చట పొద్దున అయిపోయింది కాబట్టి నేరుగా స్పిన్నర్ మీదికే వస్తున్న.

స్పిన్నర్ అంటే ఆగకుండ ఎటంటే అటు తిరిగే నాబ్. దానికి మొదలు లేదు, చివర లేదు. రేడియో వాల్యూం నాబ్ ఒక కాడికి పోయి ఆగుతది, ఇది ఆగది. ఈ తేడా మొదలు మంచిగ పట్టుకోండి, ఎందుకంటే పాత ఆటల్లో రెండు రకాలూ ఉన్నయి. 1972 నాటి పాంగ్, 1976 నాటి బ్రేకవుట్‌లో ఉన్నది పొటెన్షియోమీటర్, అంటే రెండు కొసలు ఉన్న నాబ్. దాన్ని పాడిల్ అంటరు. 1981లో అటారీ తెచ్చిన టెంపెస్ట్, 1982లో బ్యాలీ మిడ్‌వే తెచ్చిన ట్రాన్, 1986లో టైటో తెచ్చిన ఆర్కనాయిడ్, ఇవన్నీ ఆగని నాబ్ ఆటలు. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే మేమ్ సాఫ్ట్‌వేర్ వీటిని డయల్ అంటది. 1986 నాటి సూపర్ స్ప్రింట్‌లో స్టీరింగ్ కూడా ఆగకుండ తిరిగేదే, కాబట్టి స్పిన్నర్‌తో మంచిగ ఆడుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన అవుట్‌రన్ స్టీరింగ్‌కు మాత్రం రెండు దిక్కులా అడ్డం ఉంటది. దాన్ని స్పిన్నర్‌తో ఆడితే బండి ఎప్పుడు నిటారుగ ఉందో చేతికి తెల్వది. ఇకారి వారియర్స్ గురించి అడిగేటోళ్లు ఎప్పుడూ ఉంటరు. అందులో ఉన్నది స్పిన్నర్ కాదు. జాయ్‌స్టిక్ కట్టెనే 12 మెట్లలో తిరుగుతది. స్పిన్నర్‌ను దానికి అతికించి ఆడొచ్చు, కానీ టకటకమని తగిలే ఆ మెట్లు చేతికి రావు.

మీరు ఎక్కువగ ఆడే ఆట ఏది? టెంపెస్టా, ఆర్కనాయిడా? నాబ్ కొనేముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కావాలె. టెంపెస్ట్‌లో నాబ్‌ను ఒక్కసారి విసిరి తిప్పి వదిలేస్తరు, అది తిరుగుతనే ఉండాలె, మనం తుపాకీ బటన్ మీద ఉండాలె. ఆర్కనాయిడ్‌లో అట్ల కాదు. బంతి కిందికి వస్తుంటే బ్యాట్ ఒక వెంట్రుకంత జరగాలె, అక్కడనే ఆగాలె. బరువైన నాబ్ అయితే ఆగది, మీరు ఆపినా కొద్దిగ ముందుకు పోతది, బంతి పక్కనుంచి జారిపోతది. టెంపెస్ట్‌కు బరువు కావాలె, ఆర్కనాయిడ్‌కు తేలిక కావాలె. ఒకే నాబ్‌తో రెండూ ఆడాలంటే మధ్యరకం చూస్కోవాలె, లేకుంటే బరువు చక్రాన్ని తీసిపెట్టేటట్టు కట్టుకోవాలె.

ఇగ అసలు సంగతి. దుకాణం పేజీలో మొదలు కనబడేది పీపీఆర్. నాబ్ ఒక చుట్టు తిరిగితే ఎన్ని పల్సులు, అంటే సిగ్నల్ దెబ్బలు, వస్తయో అని. 100, 360, 400, 600, 1000. ఎక్కువుంటే మంచిదని అందరు 1000 దిక్కు ఉరుకుతరు. నేనైతే అది చివరికి చూస్కోమంట. పల్సులు ఎక్కువైతే కోడ్‌లో భాగించుకోవచ్చు, మేమ్‌లో తగ్గించుకోవచ్చు. బేరింగు బిగువుగ ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వదులు చేయదు. నాబ్ ఊగుతుంటే ఏ సెట్టింగూ దాన్ని ఆపదు. కాబట్టి మొదలు తిరిగే తీరు, తర్వాత బిగించే తీరు, ఆ తర్వాతనే పల్సులు.

పల్సుల లెక్క ఒకసారి చూసి పక్కన పెడదం. తిరుగుడును సిగ్నల్‌గ మార్చే భాగమే ఎన్‌కోడర్. అందులో చీలికలున్న ఒక బిళ్ల, దాన్ని చూసే రెండు సెన్సర్లు ఉంటయి. వాటి నుంచి వచ్చే సిగ్నళ్లను ఎ, బి అంటం. రెండింటికీ పావు పల్సు ఎడం ఉంటది. ఎ ముందు లేస్తే కుడికి తిరుగుతున్నట్టు, బి ముందు లేస్తే ఎడమకు. ఒక్కో పల్సులో ఎ లేచుడు, ఎ పడుడు, బి లేచుడు, బి పడుడు, మొత్తం నాలుగు మార్పులు. నాలుగూ లెక్కబెడితే 600 పల్సుల ఎన్‌కోడర్ ఒక చుట్టుకు 2400 లెక్క ఇస్తది. ఇంట్ల ఆడేటందుకు ఇది సరిపోను, ఇంకా మిగుల్తది కూడా. 1000 పల్సులది కొంటే 4000 వస్తది, దాన్ని మళ్లీ మనమే తగ్గించుకుంటం. అంతకన్న ఉపయోగం లేదు.

ఇప్పుడు ఏం దొరుకుతయో చూద్దం. ఆర్కేడ్ కోసమే చేసిన స్పిన్నర్లు బయటి దేశాల నుంచి వస్తయి. అల్టిమార్క్ వాళ్ల స్పిన్‌ట్రాక్, గ్రూవీ గేమ్ గేర్ వాళ్ల టర్బోట్విస్ట్ 2, ఈ రెండు పేర్లు మీరు వినే ఉంటరు. వీటి గొప్పతనం ఏందంటే లోపల చీలికల బిళ్ల సెన్సర్‌ను తాకకుండ గాల్లో తిరుగుతది, రాపిడి ఉన్నది బేరింగుల కాడ ఒక్కటే. వేలితో కొడితే మస్తు సేపు తిరుగుతది. కొనుక్కునే స్తోమత ఉంటే కొనండి, నేను వద్దనను. కానీ ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు నాబ్ ధర, షిప్పింగు, కస్టమ్స్ సుంకం మూడూ కలపండి. కొరియర్ వాళ్లు కేవైసీ కాగితాలు అడుగుతరు, అవి ఇవ్వకపోతే పార్శిల్ అక్కడనే కూర్చుంటది. ఇంకొకటి: కొన్ని స్పిన్నర్లు యూఎస్‌బీ బోర్డుతో కలిపి వస్తయి, కొన్నిటికి బోర్డు వేరేగ కొనాలె. ఆర్డర్ పెట్టేముందే చదువుకోండి.

రెండో దారి, మన దగ్గర చాలామంది పట్టుకునే దారి, ఇండస్ట్రియల్ రోటరీ ఎన్‌కోడర్. 38 మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు డబ్బా, 6 మిల్లీమీటర్ల షాఫ్ట్, మీటరున్నర వైరు. ఎల్‌పీడీ3806 అనే నంబరుతోని, దాని నకళ్లతోని ఆన్‌లైన్‌లో దొరుకుతది. కోఠి గుజరాతీ గల్లీకి పోయినా అడగొచ్చు. ఫ్యాక్టరీల్లో కన్వేయర్ బెల్ట్ ఎంత నడిచిందో కొలిచేటందుకు చేసిన సామాను ఇది, గట్టిది.

మూడో దారి వద్దు. కేవై-040 అని ఒక చిన్న ఎన్‌కోడర్ ఆర్డుయినో (కోడ్ ఎక్కించి వాడే చిన్న బోర్డు) కిట్లల్ల వస్తది, నాబ్ తిప్పుతే టిక్కు టిక్కు మంటది. చుట్టుకు 20 మెట్లు, లోపల లోహపు రేకులు ఒకదానికొకటి రాసుకుంటయి. రేకులు తాకినప్పుడల్ల సిగ్నల్ వణుకుతది, వేగంగ తిప్పుతే లెక్క తప్పుతది, కొన్నాళ్లకు రేకులు అరుగుతయి. మెనూలు తిప్పేటందుకు పనికొస్తది, ఆటకు రాదు.

ఇండస్ట్రియల్ ఎన్‌కోడర్ మీద కొంచెం ఎక్కువసేపు ఉంటం, ఎందుకంటే మోసం అక్కడనే ఉంది. చేతిలోకి తీసుకుని షాఫ్ట్ తిప్పి చూడండి. జిగటగ తిరుగుతది, వదిలితే అక్కడికక్కడ ఆగుతది. చాలామంది ఇది చెడిపోయిందనుకుని వాపస్ పంపుతరు. చెడిపోలేదు. ఫ్యాక్టరీ దుమ్ము, నూనె లోపలికి పోవద్దని బేరింగుకు చిక్కటి గ్రీజు పెడతరు, కొన్నిటికి రబ్బరు సీల్ కూడా ఉంటది. ఆ సీల్ షాఫ్ట్‌ను పట్టుకునే ఉంటది. మోటారుకు తగిలిస్తే ఈ బిగువు లెక్కలోకి రాదు, మన రెండు వేళ్లకు మాత్రం వెంటనే తెలుస్తది.

దీనికి రెండు మందులు. ఒకటి గ్రీజు కడుగుడు. ఎన్‌కోడర్‌ను షాఫ్ట్ నేల దిక్కు ఉండేటట్టు పట్టుకోండి. రబ్బరు సీల్ బయటికి కనబడుతుంటే సన్నటి సూదితో అంచు లేపి తీయండి. బేరింగు మీద ఒకటి రెండు చుక్కలు వైట్ పెట్రోల్ వేసి షాఫ్ట్ తిప్పుతూ ఉండండి, కరిగిన గ్రీజు కిందికి కారుతది, గుడ్డతో తుడవండి. మళ్లీ చుక్క, మళ్లీ తిప్పుడు. ఎప్పుడూ షాఫ్ట్ కిందికే ఉండాలె. తలకిందులు చేస్తే ఆ మురికి లోపలి బిళ్ల మీదికి పోతది, బిళ్ల మసకబారితే సెన్సర్‌కు చీలికలు కనబడవు, ఎన్‌కోడర్ పోయినట్టే. మొత్తం ఆరినంక కుట్టు మిషన్ నూనె ఒకే ఒక్క చుక్క వేయండి. వెనక మూత జోలికి పోకండి, బిళ్లకూ సెన్సర్‌కూ మధ్య సందు చాలా చిన్నది. ఈ పని కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగ చేయండి, ఆ గదిలో బీడీ సిగరెట్టు వెలిగించొద్దు. వారంటీ కూడా దీనితో పోతది, తెలిసి చేయండి.

రెండో మందు బరువు. ఇసుర్రాయి ఒకసారి ఊపందుకుంటే చెయ్యి తీసినా తిరిగినట్టు, షాఫ్ట్ మీద ఒక బరువు చక్రం పెడితే ఆ చిన్న బిగువును అది మింగేస్తది. ఇక్కడ చాలామంది నాబ్‌నే బరువుగ చేయిస్తరు. లెక్క చూడండి. 35 మిల్లీమీటర్ల వ్యాసం, 25 ఎత్తు ఉన్న ఇనుప నాబ్ సుమారు 190 గ్రాములు. అదే ఇనుముతో 50 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మందం ఉన్న చక్రం చేయిస్తే సుమారు 155 గ్రాములు. చక్రమే తేలిక, కానీ తిరిగే ఊపు నాబ్ కన్న ఒకటిన్నర రెట్లు పైనే. ఎందుకంటే బరువు నడుమ నుంచి ఎంత దూరముంటే అంత లాభం. మందం మార్చకుండ వ్యాసాన్ని 50 నుంచి 60కి పెంచితే ఊపు రెట్టింపు అయితది. కాబట్టి నాబ్ తేలికది పెట్టుకోండి, బరువును ప్యానెల్ కింద వెడల్పు చక్రంగ పెట్టండి. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం చక్రం అయితే సుమారు 53 గ్రాములే. ఆర్కనాయిడ్ మనుషులు అసలు చక్రం పెట్టకపోయినా నడుస్తది, కానీ గ్రీజు కడుగుడు తప్పదు.

చక్రాన్ని లేత్ మిషన్ మీద చేయించాలె. ములుగు రోడ్డు దిక్కు వర్క్‌షాపుల్లో ఎవరైనా చేసిస్తరు, పెద్ద పనేం కాదు. కానీ ఒక మాట ముందే చెప్పండి: నడుమ బోరు, బయటి అంచు రెండూ చక్‌లో నుంచి, అంటే ముక్కను పట్టుకునే లేత్ పట్టులో నుంచి, ముక్క తీయకుండ ఒకే పట్టులో తీయాలె. ముక్కను విప్పి తిప్పి మళ్లీ పడితే బోరు కొంచెం పక్కకు పోతది. కంటికి కనబడది, తిప్పినప్పుడు ప్యానెల్ మొత్తం గడగడ వణుకుతది. బోరు 6 మిల్లీమీటర్లు, షాఫ్ట్‌కు బిగువుగ కూర్చోవాలె, పక్కన ఎం4 గ్రబ్ స్క్రూ, అంటే తల లేని స్క్రూ. షాఫ్ట్ మీద ఒక దిక్కు చదునుగ చెక్కి ఉంటే గ్రబ్ స్క్రూ ఆ చదును మీదనే పడాలె.

నాబ్ సంగతి. అమెరికా నుంచి వచ్చే ఆర్కేడ్ నాబుల బోరు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. మన ఎన్‌కోడర్ షాఫ్ట్ 6. ఈ 0.35 సందు వల్ల నాబ్ గ్రబ్ స్క్రూ దిక్కు వాలుతది, తిప్పుతే ఊగుతది. సన్నటి ఇత్తడి రేకు చుట్టి సందు నింపొచ్చు, కానీ లేత్ కాడికి ఎట్లాగూ పోతున్నరు కాబట్టి నాబ్‌ను కూడా అక్కడనే అల్యూమినియంతో చేయించుకోండి. వ్యాసం 30 నుంచి 38 మిల్లీమీటర్ల నడుమ వేళ్లకు మంచిగ ఉంటది. పక్కలకు గరుకు కొట్టించండి, దాన్నే లేత్ వాళ్లు నర్లింగ్ అంటరు. మే నెలలో మన దగ్గర చేతులు ఎట్ల చెమట పడతయో మీకు తెలుసు, నున్నటి నాబ్ జారుతది. ఇనుప నాబ్ అయితే ఆ చెమటకే తుప్పు పడతది, నికెల్ పూత వేయించాలె.

ఇప్పుడు బిగించుడు. అన్నిటికన్న ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడనే. ఈ రకం ఎన్‌కోడర్‌కు షాఫ్ట్ బయటికి 13 మిల్లీమీటర్లే ఉంటది. దాని మొదట్లో 20 మిల్లీమీటర్ల వ్యాసంతో, 5 మిల్లీమీటర్ల ఎత్తున ఒక గద్దె లాంటిది ఉంటది. కంపెనీని బట్టి మారొచ్చు, చేతికొచ్చినంక వెర్నియర్‌తో కొలవండి. మన కంట్రోల్ ప్యానెల్ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. కింద నుంచి బిగిస్తే గద్దె, షాఫ్ట్ రెండూ కలిపి 18. అంటే షాఫ్ట్ కొస చెక్కతో సమానంగ వచ్చి ఆగుతది, నాబ్ పట్టేటందుకు ఏం మిగలది.

కొందరు కింద నుంచి 40 మిల్లీమీటర్ల ఫోర్స్‌ట్‌నర్ బిట్‌తో గుంత తీసి, పైన 4 మిల్లీమీటర్ల చెక్క వదిలి ఎన్‌కోడర్‌ను అందులో కూర్చోబెడతరు. చూస్తందుకు బాగుంటది, కానీ 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటే రెండు మూడు పొరలే. పిల్లలు నాబ్ మీద చెయ్యి పెట్టి వంగితే పొరలు లేస్తయి. నా మాట వింటే లోహపు ప్లేటే మంచిది. చెక్కకు 45 మిల్లీమీటర్ల రంధ్రం నిలువునా కొట్టండి. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు, 80కి 80, పైనుంచి పెట్టి నాలుగు మూలలా స్క్రూలు. ప్లేటు నడుమ 20.5 మిల్లీమీటర్ల రంధ్రం, దాని చుట్టూ 28 మిల్లీమీటర్ల వలయం మీద 120 డిగ్రీలకు ఒకటి చొప్పున ఎం3 స్క్రూలకు మూడు రంధ్రాలు. ఎన్‌కోడర్ ప్లేటుకు కింద నుంచి ఆనుతది. గద్దె పైకి 2 మిల్లీమీటర్లు వస్తది, ఆపైన 13 షాఫ్ట్ మొత్తం నాబ్‌కు దొరుకుతది. ఎం3 స్క్రూ పొడవు చూస్కోండి. ప్లేటు మందం పోను లోపలికి 4, 5 మిల్లీమీటర్ల కన్న ఎక్కువ పోనియ్యొద్దు, పొడుగు స్క్రూ లోపలి భాగాలకు గుచ్చుకుంటది.

బరువు చక్రం పెట్టేటోళ్లకు ఇది సరిపోదు, ఎందుకంటే షాఫ్ట్ ఒక దిక్కే వస్తది, దాని మీద నాబ్, చక్రం రెండూ పట్టవు. వాళ్లు విడిగా 6 మిల్లీమీటర్ల స్టీలు రాడ్డు వాడాలె. ప్యానెల్ ప్లేటులో ఒక 626 బేరింగు, 60 మిల్లీమీటర్ల కింద ఇంకో ప్లేటులో ఇంకో 626. రాడ్డు పై కొసకు నాబ్, రెండు ప్లేట్ల నడుమ చక్రం, కింది కొసకు రెండు దిక్కులా 6 మిల్లీమీటర్ల బోరున్న ఫ్లెక్సిబుల్ కప్లింగ్ (రెండు షాఫ్టులను కలిపే ముక్క), దాని కింద ఎన్‌కోడర్. బరువంతా 626ల మీద పడతది, ఎన్‌కోడర్ బేరింగు మీద పడది. బేరింగుల దుకాణంలో అడిగేటప్పుడు 626 జడ్‌జడ్ అని అడగండి. 2ఆర్‌ఎస్ ఇస్తే వద్దనండి. 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు సీల్, మనం ఎన్‌కోడర్‌లోంచి పీకేసిన ఆ సీల్‌నే మళ్లీ పైసలిచ్చి తెచ్చుకున్నట్టు. జడ్‌జడ్‌లో ఇనుప మూత లోపలి రింగుకు తాకదు. కప్లింగ్ మాత్రం ఫ్లెక్సిబుల్‌దే కావాలె. గట్టి కప్లింగ్ వేస్తే రెండు షాఫ్టులు ఏమాత్రం వంకరున్నా ఒక చోట బిగుస్తది, ఒక చోట వదులైతది.

కరెంటు పని చిన్నదే. ఎర్ర వైరు ప్లస్, నల్లది గ్రౌండ్, ఆకుపచ్చ ఎ, తెల్లది బి. నకళ్లలో రంగులు మారుతయి, డబ్బా మీద అతికించిన స్టిక్కర్ చూసే కలపండి. ఎ, బి వైర్లను పొరపాటున కూడా ప్లస్‌కు ముట్టించొద్దు. ఇవి ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్లు, లోపలి ట్రాన్సిస్టర్ ఒక్క క్షణంలో కాలిపోతది. ఓపెన్ కలెక్టర్ అంటే అది కిందికి గుంజుడే చేస్తది, పైకి లేపది. పైకి లేపేటందుకు పుల్ అప్ రెసిస్టర్ మనం పెట్టాలె. చిప్ లోపలున్న పుల్ అప్‌తో నడుస్తది, కానీ ఎ నుంచి 5 వోల్టులకు, బి నుంచి 5 వోల్టులకు ఒక్కో 4.7 కిలో ఓం రెసిస్టర్ వేయండి. క్యాబినెట్ లోపల కరెంటు సప్లై డబ్బా ఎస్‌ఎంపీఎస్ ఉంటది, యాంప్లిఫయర్ ఉంటది, ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంటది. వీటి గోల ఆ మీటరున్నర వైరులోకి రావద్దంటే గట్టి పుల్ అప్ ఉండాలె. వైరు పైన అల్లిక ఉంటే దాన్ని గ్రౌండ్‌కు కలపండి.

ఎన్‌కోడర్ సిగ్నళ్లను కంప్యూటర్‌కు చేర్చే బోర్డు ఆర్డుయినో ప్రో మైక్రో, 5 వోల్టుల 16 మెగాహెర్ట్జ్ రకం. అందులోని ఏటీమెగా32యూ4 చిప్ కంప్యూటర్‌కు తానే మౌస్‌నని చెప్పుకోగలదు. ఆర్డుయినోలోనే ఇంకో బోర్డు ఊనో ఆర్3 తీసుకోకండి, దాని ప్రధాన చిప్‌కు ఆ శక్తి లేదు. ఎ, బి వైర్లు 2, 3 నంబర్ల పిన్నులకు, ఎందుకంటే రెండూ ఇంటరప్ట్ పిన్నులే, అంటే సిగ్నల్ మారిన క్షణమే చిప్‌ను పిలిచేవి. 4, 5 నంబర్లకు రెండు బటన్లు మౌస్ బటన్లుగా కలుపుకోవచ్చు. ప్రో మైక్రోలో 3.3 వోల్టుల 8 మెగాహెర్ట్జ్ రకం కూడా ఉంది, రెండూ ఒకే తీరు కనబడతయి. తప్పు రకం ఎంచుకుని కోడ్ ఎక్కిస్తే బోర్డు కంప్యూటర్‌కు కనబడుడే ఆగిపోతది. అప్పుడు ఆర్‌ఎస్‌టీ, గ్రౌండ్ పిన్నులను వెంటవెంటనే రెండుసార్లు ముట్టించండి, సుమారు 8 సెకన్లు బూట్‌లోడర్, అంటే కొత్త కోడ్ తీసుకునే భాగం, తెరిచి ఉంటది, ఆలోపు సరైన రకంతో మళ్లీ ఎక్కించాలె. ఈ బోర్డులకు మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఊడిపోయే జబ్బు కూడా ఉంది. వైరును పెట్టెకు క్లిప్ వేసి కట్టండి, గుంజుడు సాకెట్ మీద పడొద్దు.

కోడ్‌లో ఒక్క సంగతి చెప్త, ఎందుకంటే నెట్‌లో తిరిగే చిన్న చిన్న కోడ్‌లల్ల ఇదే తప్పు ఉంటది. నాబ్‌ను గట్టిగ విసిరితే సెకనుకు పది చుట్లు తిరిగిందనుకోండి. చుట్టుకు 2400 చొప్పున సెకనుకు 24,000 లెక్క. కంప్యూటర్ మౌస్‌ను 8 మిల్లీసెకన్లకు ఒకసారి అడుగుతుంటే, ఒక్కో అడుగుడుకు 192 చెప్పాలె. కానీ ఆర్డుయినో మౌస్ లైబ్రరీ ఒకసారికి పంపగలిగేది ఏ దిక్కుకైనా 127 మాత్రమే. 192 పంపితే ఎనిమిది బిట్లలో అది మైనస్ 64 అయి కూర్చుంటది. అంటే మీరు గట్టిగ కుడికి తిప్పుతుంటే తెర మీద ఎడమకు పోతది. దీన్నే బ్యాక్‌స్పిన్ అంటరు, చాలామంది ఎన్‌కోడర్ ఖరాబైందని మార్చేస్తరు. మందు సులువు: లెక్కను పెద్ద వేరియబుల్‌లో దాచండి, పంపేటప్పుడు 127కు మించకుండ కోయండి, పంపినంతే అందులోంచి తీసేయండి, మిగిలింది తర్వాతి వంతుకు పోతది. ఆ పెద్ద వేరియబుల్‌ను చదివే క్షణంలో ఇంటరప్టులు ఆపి, చదివినంక మళ్లీ తెరవండి. చిప్ ఎనిమిది బిట్లది, నాలుగు బైట్లు చదివే నడుమ ఇంటరప్ట్ వస్తే సగం పాత లెక్క, సగం కొత్త లెక్క వస్తది.

ఆట దిక్కు నుంచి కూడా బ్యాక్‌స్పిన్ రావొచ్చు. టెంపెస్ట్‌లో నాబ్ స్థానం నాలుగు బిట్లు, అంటే 16 విలువలే. ఆట రెండుసార్లు చూసే నడుమ సగం కన్న ఎక్కువ జరిగితే, వెనక్కి జరిగిందనుకుంటది. కోడ్ సరిగ్గ ఉండి, ఒక్క టెంపెస్ట్‌లోనే ఇట్ల అయితుంటే మేమ్‌లో సెన్సిటివిటీ తగ్గించండి, పోతది.

మేమ్ సంగతి: మేమ్ డాట్ ఐఎన్‌ఐ ఫైల్‌లో మౌస్ అనే వరుసను 1 చేయండి, మొదట అది 0 ఉంటది. ఆట తెరిచి ట్యాబ్ నొక్కితే ఇన్‌పుట్ సెట్టింగులు వస్తయి. అక్కడ డయల్ అనలాగ్ అని ఒకటి, డయల్ అనలాగ్ ఇంక్, డయల్ అనలాగ్ డెక్ అని రెండు ఉంటయి. ఈ ఇంక్, డెక్ రెండూ కీబోర్డు కోసం. స్పిన్నర్‌ను వీటికి పెడితే నాబ్ ఎంత మెల్లగ తిప్పినా ఎంత జోరుగ తిప్పినా ఒకే వేగంతో పోతది. ఉత్త డయల్ అనలాగ్ వరుసకే పెట్టాలె. తర్వాత అనలాగ్ సర్దుబాట్ల పేజీలో సెన్సిటివిటీ. 2400 లెక్కతో మొదలు బ్యాట్ ఉరుకుతది, తగ్గించుకుంటూ రండి. అది ఆట ఆటకూ విడిగ దాచిపెడతది కాబట్టి ఒకసారి చేస్తే చాలు. మరీ అడుగుకు తీసుకుపోవాల్సి వస్తుంటే కోడ్‌లోనే నాలుగుతో భాగించండి. శేషాన్ని పారేయకండి, తర్వాతి లెక్కలో కలపండి, లేకుంటే మెల్లగ తిప్పినప్పుడు బ్యాట్ కదలది.

పెట్టెలో బిగించకముందే ఒక పరీక్ష చేయండి. లెక్కను ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ మానిటర్‌లో రాయించండి. నాబ్ మీద మార్కర్‌తో గీత, ప్లేటు మీద ఎదురుగా గీత. పది చుట్లు కుడికి, 24,000 దగ్గర ఆగాలె. పది చుట్లు వెనక్కి, సున్నా దగ్గర ఆగాలె. గీతలు కలిపేది చేతితో కాబట్టి పది ఇరవై అటూ ఇటూ అయితది, అది లెక్క కాదు. 12,000 వస్తే ఒక పిన్నుకే ఇంటరప్ట్ పడుతున్నట్టు. నాబ్ తిప్పుతుంటే లెక్క ఒకటి పెరిగి ఒకటి తగ్గి అక్కడనే కొట్టుకుంటుంటే ఎ, బిలల్ల ఒక వైరు తెగినట్టు, లేకుంటే దాని పుల్ అప్ అతకనట్టు. చెయ్యి పెట్టకున్నా లెక్క నడుస్తుంటే బయటి గోల, వైరు మీది అల్లిక గ్రౌండ్‌కు కలిసిందో చూడండి. దిక్కు తిరగబడితే ఆకుపచ్చ, తెల్ల వైర్లు మార్చండి.

ప్రశ్నలు వస్తున్నయి, తీసుకుంట.

ఇద్దరు ఆడేటందుకు రెండు బోర్డులు కావాల్నా? అక్కర్లేదు. ఒకే ప్రో మైక్రోకు రెండు ఎన్‌కోడర్లు కలపండి, రెండోది 0, 1 పిన్నులకు, అవి కూడా ఇంటరప్ట్ పిన్నులే. మొదటిదాన్ని మౌస్ అడ్డ కదలికగ, రెండోదాన్ని నిలువు కదలికగ పంపండి. మేమ్‌లో రెండో ఆటగాడి డయల్‌ను అదే మౌస్ నిలువు దిక్కుకు పెట్టండి. రెండు బోర్డులు పెడితే మేమ్‌లో మల్టీమౌస్ వరుసను కూడా 1 చేయాల్సి ఉంటది. కంప్యూటర్ మళ్లీ తెరిచినప్పుడు ఏది ఒకటో ఏది రెండో తారుమారు అయ్యే లొల్లి కూడా ఉంటది.

ప్రో మైక్రో బదులు రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు వాడొచ్చా అని అమ్మాయి అడుగుతుంది. వాడొచ్చమ్మా, మంచి బోర్డు, కానీ దాని పిన్నులు 3.3 వోల్టులకే. ఎన్‌కోడర్ ఎర్ర వైరును యూఎస్‌బీ 5 వోల్టులకు ఇవ్వు, పుల్ అప్‌లు మాత్రం 3.3కే కట్టాలె. ఓపెన్ కలెక్టర్ కాబట్టి పిన్ను మీదికి 3.3 దాటి రాదు. స్టిక్కర్ మీద ఓపెన్ కలెక్టర్ అని లేకుండ వేరే రకం అవుట్‌పుట్ రాసి ఉంటే నేరుగా కలపకు, 5 వోల్టులు సీదా వచ్చి పికోను కాలుస్తయి.

పాత బాల్ మౌస్ లోపలి చక్రాలు? వాటితో నడుస్తది, చేసినోళ్లున్నరు. చీలికలు తక్కువ, బోర్డును షాఫ్ట్ పక్కన కచ్చితంగ నిలబెట్టుడు కష్టం. ఇంకోటి, ఆ సెన్సర్లు తెరిచి ఉంటయి. కిటికీ ఎండ వాటి మీద పడితే అందులోని ఇన్‌ఫ్రారెడ్‌కు సెన్సర్ గుడ్డిదైతది, మధ్యాహ్నం ఆగిపోయి రాత్రి మంచిగ నడుస్తది. నల్ల అట్టపెట్టె కప్పితే సరిపోతది.

చివరి ప్రశ్న, తమ్ముడు అడిగింది: ఇంకా ఏ ఆట ఆడతడో తెల్వకుండ ఏం కొనాలె? 600 పల్సుల ఎన్‌కోడర్, 3 మిల్లీమీటర్ల ప్లేటు, తేలిక అల్యూమినియం నాబ్‌తో మొదలుపెట్టు. ప్యానెల్ కింద మాత్రం 12 సెంటీమీటర్ల ఖాళీ వదిలిపెట్టు, రేపు రాడ్డు, చక్రం పెట్టాల్సి వస్తే చెక్క మళ్లీ కోసే పని ఉండది.